మీ కుక్క ఏమిట్లండీ?

బెజవాడలో కొత్తగా ఇంట్లో దిగినవాళ్ళని ఇరుగుపొరుగు మూడు ప్రశ్నలు అడుగుతారు. ఏ ఊరు, ఇంటిపేరేంటి, మీరేమిట్లు, అంటే ఏ కులమని. మూడోది మొహమ్మీద అడగడానికి మొహమాటపడే పెద్దమనుషులు "ఫలానా వాళ్ళు మీకేమవుతారు?" అని చుట్టు తిప్పి అక్కడికే వస్తారు. సత్యనారాయణపురంలో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను కాబట్టి ఈ పరీక్ష నాకు ఎప్పుడో అయిపోయింది. 2024 డిసెంబరులో మా ఇంటికి ఇంకొక శాల్తీ రావడంతో మళ్ళీ మొదలైంది.

వచ్చింది రెండు నెలల కుక్కపిల్ల. ఆ సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఒక మేడమెట్ల మీద కూర్చున్న చూలుకుక్కని పడవలో తెచ్చి షెల్టర్‌లో పెట్టారట. అక్కడ ఆరు పిల్లల్ని కన్నది. అందులో గోధుమరంగుది, ఎడమచెవి వాలినది మాది. మా చిన్నోడు దానికి బెల్లం అని పేరు పెట్టాడు.

షెల్టర్‌లో నా చేత ఫారం నింపించారు. సొంతిల్లా, అద్దిల్లా? పగలు ఇంట్లో ఎవరుంటారు? ఊరెళితే ఎవరు చూస్తారు? పిల్లలెంతమంది, వయసులెంత? ఆరు నెలలు నిండాక కుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తానని సంతకం. ఇల్లు చూడటానికి మేమొస్తాం, అభ్యంతరమా? నాకు పిల్లనిచ్చేటప్పుడు మా మామగారు జీతమెంతని తప్ప ఇంకేమీ అడగలేదు. ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడు బిల్లు కట్టారా అని తప్ప ఆస్పత్రివాళ్ళూ ఏమీ అడగలేదు. నీకు పెంచడం వచ్చా అని నన్ను నిలదీసింది కుక్కలవాళ్ళే.

తర్వాత షెల్టర్‌లో పనిచేసే అమ్మాయి మా పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. తింటున్నప్పుడు ముట్టుకోకూడదు. పడుకున్నప్పుడు లేపకూడదు. తోక, చెవులు లాగకూడదు. ఎత్తుకుని తిరగకూడదు, కింద కూర్చుంటే అదే ఒళ్ళోకి వస్తుంది. పెద్దవాళ్ళు లేకుండా మీరూ అదీ ఒకే గదిలో ఉండకూడదు. నాలుగేళ్ళ మా చిన్నోడు అంతా శ్రద్ధగా విని "మరి అది నన్ను లేపితే?" అన్నాడు. దీనికి ఆ అమ్మాయి దగ్గర కూడా సమాధానం లేదు. నా మటుకు నాకు మొదటి రెండు నియమాలూ బాగా నచ్చాయి. పదేళ్ళ కాపురంలో అవి నాకు ఒక్కరోజు కూడా అమలు కాలేదు.

ఇన్ని అడిగినవాళ్ళు అది ఏ జాతో మాత్రం చెప్పలేదు. మాకూ అడగాలని తోచలేదు. అక్కడే పప్పులో కాలేశాం.

లిఫ్టు దగ్గర ఎదురింటి రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు ఎదురయ్యారు.

"ఏ బ్రీడండీ?"

"బ్రీడంటూ ఏమీ లేదండీ."

"ఎంతయింది?"

"ఊరికే ఇచ్చారండీ."

పరామర్శకి వచ్చినవాడిలా ఆయన నా భుజం మీద చెయ్యేశారు. "పోన్లెండి, పిల్లలు ముచ్చటపడ్డారు కదా."

ఇదే మేనేజరు గారు ప్రతి ఆదివారం నాటుకోడి కోసం స్కూటరేసుకుని ఎంత దూరమైనా వెళతారు. బ్రాయిలర్ ముట్టరు. గుడ్లు నాటువే కావాలి. ఒంగోలు ఆవు గురించి మొదలుపెడితే గంటసేపు ఆపరు. నాటు అనే మాటకి కోళ్ళలో, ఆవుల్లో, టమాటాల్లో ఇంత గౌరవం ఉండి, కుక్కల దగ్గరికొచ్చేసరికి అది తిట్టు ఎందుకయిందో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు ఆలోచించాలి. కుక్క మాత్రం ఫారిన్‌దే కావాలి. న్యూఫౌండ్‌లాండ్ చన్నీళ్ళలో జాలర్లకి సాయపడిన కుక్కల సంతతి లాబ్రడార్. సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టింది హస్కీ. ఆ హస్కీ ఒకటి మా మూడో అంతస్తులో ఉంది. మే నెలలో బెజవాడ నలభై దాటి కాలిపోతుంటే అది ఏసీ గదిలో పడుకుని, మనం ఏ పాపం చేశామా అన్నట్టు గోడకేసి చూస్తుంటుంది.

దానికి కెన్నెల్ క్లబ్ పత్రం కూడా ఉంది. అందులో తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతలు అందరి పేర్లూ ఉంటాయి, మూడు తరాలు. తద్దినంలో మనం తలుచుకునేదీ మూడు తరాలనే. ఆ హస్కీ యజమాని ఏటా తద్దినం నాడు ముత్తాత పేరు గుర్తురాక తెనాలిలో బాబాయికి ఫోన్ చేస్తాడు. కుక్కది మాత్రం లామినేషన్ చేయించి గోడకి పెట్టాడు.

ఈ కులం గోల మా అపార్ట్‌మెంటు కనిపెట్టింది కాదనుకోండి. తెల్లదొరలు మన ఊరకుక్కకి పెట్టిన పేరు "పారియా డాగ్". ఆ మాట తమిళనాట ఒక దళిత కులం పేరు నుంచి వచ్చింది. మనుషుల్ని అవమానించడానికి వాడిన మాటని కుక్కకీ తగిలించి పుస్తకాల్లోకి ఎక్కించారు. మనవాళ్ళు చదువుకున్నారు.

మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాం. టీకా పుస్తకంలో జాతి అన్న చోట డాక్టరు గారు "ఎన్.డి." అని రాశారు. ఏమిటని అడిగితే "నాన్ డిస్క్రిప్ట్" అన్నారు. అంటే ఇదీ అని వర్ణించడానికి వీల్లేనిది. అనిర్వచనీయం అన్నమాట. పరబ్రహ్మం గురించి తప్ప ఇంకెవరి గురించీ ఈ మాట నేను వినలేదు. ఉల్లి, వెల్లుల్లి దరిచేరనివ్వొద్దని కూడా ఆయన గట్టిగా చెప్పారు. ద్రాక్ష, చాక్లెట్ కూడా కుక్కలకి విషమే. మా అపార్ట్‌మెంటులో ఉల్లి మానేసేది కార్తీకమాసంలోనే, అదీ కొందరే. బెల్లం పన్నెండు నెలలూ ముట్టదు. ఉడకబెట్టిన చికెన్ సంగతి పక్కనపెడితే, మా మెట్ల మీద దానంత నిష్ఠ గలవాళ్ళు ఇంకెవరూ తిరగడం లేదు.

పిల్లలకి బాధ్యత తెలుస్తుందని కుక్కని తెచ్చాం అని చెబుతుంటాను. ఎవరి బాధ్యతో తెలిసింది, తడిగుడ్డ నా చేతిలో ఉంది. అంతకుమించి ఆ విషయం వద్దు.

అసలు చిక్కు లిఫ్టుతో వచ్చింది. ధర్మరాజు కుక్కతో సహా స్వర్గం దాకా నడిచి వెళితే, కుక్కకి రథంలో చోటు లేదన్నాడు ఇంద్రుడు. మా అసోసియేషన్ సెక్రటరీ గారు కూడా అదే అన్నారు. పెంపుడు కుక్కల్ని లిఫ్టు ఎక్కనివ్వమని అసోసియేషన్లు అనడానికి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. ఆ కాగితం తీసుకెళ్ళి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

"ఇది పెంపుడు కుక్కల గురించి కదండీ."

"మాది పెంపుడు కుక్కేనండీ."

"పెంచుతున్నారు, కాదనను. కానీ అది ఊరకుక్క."

అంతలో హస్కీ వచ్చింది. సెక్రటరీ గారే మీట నొక్కి, తలుపు పట్టుకుని నిలబడ్డారు. బెల్లం, నేను నాలుగంతస్తులూ మెట్లెక్కాం.

సంక్రాంతికి గుంటూరు అత్తారింటికి దాన్నీ తీసుకెళ్ళాం. భోగిమంట దగ్గర మా తోడల్లుడు అడగనే అడిగాడు, ఏ బ్రీడని. పొద్దున్నుంచి అది తొమ్మిదోసారి. నాకు నోరు నొప్పెట్టి "బుడమేరు రిట్రీవర్" అన్నాను.

"ఎప్పుడూ వినలేదే. ఎక్కడిది?"

"బుడమేరు పక్కన తప్ప ఎక్కడా లేదు."

"స్పెషాలిటీ ఏంటి?"

"దీని తల్లి వరదకి తట్టుకుని నిలబడింది. ఎండకి ఏసీ అక్కర్లేదు."

"ఎంత?"

"డబ్బుకి ఇవ్వరు. ఫారం నింపాలి, ఇంటర్వ్యూ ఉంటుంది, ఇల్లు చూడటానికి వస్తామంటారు. నచ్చితేనే ఇస్తారు."

మీరు కావాలంటే పైకెళ్ళి మళ్ళీ చదువుకోండి. పేరొక్కటి మినహాయిస్తే నేను ఒక్క అబద్ధం ఆడలేదు. మా తోడల్లుడు కుర్చీ దగ్గరికి లాక్కుని, బెల్లం వాలుచెవిని వేలితో ఎత్తి చూసి "ఇదే దీని లక్షణం అనుకుంటా" అన్నాడు. సాయంత్రానికి బంధువుల గ్రూపులో ఫొటో వచ్చింది. పండగ వెళ్ళి మేం బెజవాడ చేరేసరికి కబురు మాకంటే ముందే చేరిపోయింది. సెక్రటరీ గారు లిఫ్టు తలుపు పట్టుకున్నారు.

ఫిబ్రవరిలో మా పెద్దదానికి ముందుపన్ను ఊగడం మొదలైంది. దానికి ఆరేళ్ళు. అదే వారం చాప మీద బియ్యపుగింజంత పన్ను దొరికింది, బెల్లానిది. కుక్కలకి పాలపళ్ళు ఇరవై ఎనిమిది, మనకి ఇరవయ్యే అని చెప్పాను. "దానికి ఎనిమిది ఎక్కువెందుకు?" అని మా పెద్దది పూటంతా అలిగింది. మర్నాడు దాని పన్ను కూడా ఊడింది. పళ్ళు ఇంటికప్పు మీదకి విసరాలని మా అమ్మ చెప్పింది. అపార్ట్‌మెంటులో మన కప్పంటే పైవాళ్ళ నేల కదా, అందుకని డాబా ఎక్కి నీళ్ళట్యాంకు మీదకి విసిరారు. రెండు పళ్ళూ ఒకే కాగితంలో చుట్టేశారు. కాసేపటికి ఆ పొట్లం కిందికి దొర్లితే, విప్పి ఏది ఎవరిదో తేల్చుకోలేక మళ్ళీ అలాగే చుట్టి విసిరారు.

ఏప్రిల్లో సెక్రటరీ గారు స్వీట్ల డబ్బాతో మా ఇంటికొచ్చారు. వాళ్ళ మనవరాలు గొడవ చేస్తోందట, తమకీ ఒక బుడమేరు రిట్రీవర్ కావాలట. మీ దానికి పిల్లలు పుడితే ఒకటి అట్టే పెట్టమన్నారు. ఆపరేషన్‌కి సంతకం పెట్టానని చెప్పగానే, అపురూపమైన వంశం అంతరించిపోతోందని నిజంగానే బాధపడ్డారు. నాకు జాలేసి షెల్టర్‌కి దారి చెప్పాను. దీని తోడబుట్టినవే ఇంకా రెండున్నాయట, త్వరగా వెళ్ళమన్నాను.

ఆదివారం భార్యనీ మనవరాల్నీ వెంటబెట్టుకుని కారులో వెళ్ళారు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

"లాభం లేదండీ, ఎవరో ముందే పట్టుకుపోయినట్టున్నారు. అక్కడున్నవన్నీ ఊరకుక్కలే. రెండు మాత్రం అదే గోధుమరంగు, అదే వాలుచెవి, పైకి చూస్తే అచ్చం మీ దానిలాగే ఉన్నాయి. మనవరాలు అదే కావాలని ఏడ్చిందిగానీ, నాకు చూడగానే తెలిసిపోయింది. జాతిదానికుండే కళ వేరు కదండీ."