నీళ్లు పెంచే ముందు కాండం కోసి చూడండి

టమాటా మొక్క వాడిపోతే రెండు పూటలా నీళ్లు పోయమని మీరు రాశారు. దయచేసి అది సవరించండి. మా విజయవాడ ఎండలకు మధ్యాహ్నం వడలిపోయి సాయంత్రానికి తేరుకునే మొక్కకు రోగం ఉందని వెంటనే అనుకోనక్కర్లేదు. పొద్దున్నే కూడా ఆకులు పచ్చగానే ఉండి వేలాడుతుంటే అనుమానించాలి. అప్పుడు మొదలు దగ్గర కాండం ముక్క కోసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, కోసిన కొస మునిగేలా పట్టుకోండి. కాసేపటికి పాలలాంటి సన్నటి దారాలు కిందికి దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. పట్టాక నయం చేసే మందు లేదు, షాపులో ఏదిస్తే అది కొని పోయకండి. వేర్లతో సహా పీకి పారేయండి, కంపోస్టులో మాత్రం వేయొద్దు. ఆ కుండీ మట్టిలో వంగ, మిరప కూడా పెట్టకండి, వాటికీ సోకుతుంది. ఎక్కువ నీళ్లు పోస్తే పక్క మొక్కలకు ఇంకా తొందరగా పాకుతుంది, నా బాధంతా అదే.