వార్డులో గడిపే సమయం వృథా కాదు

వైద్యవిద్యకు సిద్ధమవుతున్నవారు ఆసుపత్రుల్లో స్వచ్ఛంద సేవ చేస్తే చదువు దెబ్బతింటుందని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాటతో ఏకీభవించలేను. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. సేవకు ఒక్క మార్కూ రాదన్నది నిజమే. అమెరికాలో అయితే అక్కడి వైద్యవిద్య ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో వచ్చిన స్కోరుతో పాటు ఇలాంటి అనుభవాన్నీ ప్రవేశాల్లో పరిశీలిస్తారు. అయినా దరఖాస్తులో రాసుకోవడానికే అయితే జబ్బుపడిన పిల్లల దగ్గరికి వెళ్లకపోవడమే మంచిది.

నేను విశాఖలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతూ నీట్‌కు సిద్ధమవుతున్నాను. ఆదివారం ఉదయం పిల్లల వార్డులో ఉంటాను. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన తల్లులకు రక్తపరీక్ష ఎక్కడ చేస్తారో చూపిస్తాను, పిల్లలకు కథలు చెబుతాను. బీటా తలసేమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఈ జబ్బులో లోపించే, హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు అనే ప్రొటీన్ భాగం గురించి ఎన్నిసార్లు చదివినా, సూదిని చూడగానే చెయ్యి వెనక్కి లాక్కునే బిడ్డ పక్కన కూర్చున్నాకే ఆ పాఠం బరువేమిటో నాకు తెలిసింది. ఆ తర్వాత దాన్ని మరచిపోలేదు.

హద్దులు మాత్రం ఉండాలి. జలుబు చేస్తే వెళ్లకూడదు, చేతులు కడగకుండా ఎవరినీ తాకకూడదు. వస్తానని పిల్లలకు మాటిచ్చి మానేయడం అన్నిటికంటే తప్పు. అందుకే పరీక్షకు ముందు నెలంతా రాలేనని వార్డు సిస్టర్‌కు ముందే చెప్పాను, ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. ఆ వ్యాసంలో ఈ సర్దుబాటు గురించి కూడా రాయవలసింది.