అన్నంతో పాటు గ్యాస్ మాత్ర: ఒడిశా సరిహద్దులో మనం కడుపుకి చేస్తున్నదేమిటి?

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు ఏ మందుల షాపు ముందైనా ఉదయం పూట కాసేపు నిలబడితే చాలు, ఈ ప్రాంతంలో జనం కడుపులు ఎలా ఉన్నాయో తెలిసిపోతుంది. "బాబూ, ఆ నడుంనొప్పి బిళ్ళలు ఇయ్యి, దాంతో ఇస్తావు కదా, ఆ గ్యాసు బిళ్ళలు కూడా" అంటుంది ఒక ముసలావిడ. షాపు కుర్రాడు రెండు షీట్ల నుంచీ నాలుగేసి మాత్రలు కత్తెరతో కత్తిరించి చేతిలో పెడతాడు. కత్తిరించిన ముక్క మీద మందు పేరు సగమే కనిపిస్తుంది. గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. "రెండూ తిన్నాక ఏసుకో మామ్మా" అని కూడా చెప్పి పంపిస్తాడు. చీటీ ఊసే లేదు. నొప్పికిచ్చే డైక్లోఫెనాక్ అయినా గ్యాసుకిచ్చే పాంటోప్రజోల్ అయినా షెడ్యూల్ హెచ్ మందులే, డాక్టరు రాసిస్తే తప్ప అమ్మకూడనివే. ఆ సంగతి కుర్రాడికీ తెలుసు, యజమానికీ తెలుసు.

గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లోని తెలుగిళ్ళలో ఇప్పుడు ఈ గ్యాస్ మాత్ర ఉప్పూ పప్పూ సరుకుల్లో చేరిపోయింది. గుండెల్లో మంటగా ఉన్నా, పుల్లతేనుపులు వచ్చినా, కడుపుబ్బరమైనా, వీపులో పట్టేసినా అదే మందు. దీనివల్ల అసలు జబ్బు కనపడకుండా పోతోంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. తాగేనీటికి భరోసా లేని ఈ కొండవార ఊళ్ళలో జీర్ణాశయంలోని ఆమ్లాన్ని ఏళ్ళ తరబడి అణిచిపెట్టుకోవడం అంటే కొత్త జబ్బుకు దారి చూపించుకోవడమే.

ముందు మాత్ర సంగతి చూద్దాం. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్ అన్నీ ఒకే కుటుంబం. జీర్ణాశయం గోడలోని కణాల్లో ఆమ్లాన్ని బయటికి తోడే పంపులను ఇవి మూసేస్తాయి. అయితే అప్పుడు పనిచేస్తున్న పంపులనే మూయగలవు. పంపులు పనిలోకి దిగేది తిండి లోపలికి వెళ్ళినప్పుడు. మందేమో రక్తంలో ఒకటి రెండు గంటలకు మించి పెద్దగా నిలవదు. అందుకే తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే సగం దండగ. ఆ ముసలావిడకు రోజూ మాత్ర వేసుకుంటున్నా మంట తగ్గడం లేదంటే కారణం ఇంత చిన్నదే కావచ్చు. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల వైద్యం ఇది. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే ఆమ్లం మునుపటి కంటే ఎక్కువగా ఊరుతుంది. అప్పుడు మంట ఎగదన్నుతుంది. "చూశావా, ఇది లేకపోతే బతకలేను" అనుకుని మళ్ళీ షాపుకు పోతారు. మెల్లగా తగ్గించుకుంటూ మానాలని చెప్పేవాళ్ళు లేరు. ఏళ్ళ తరబడి వాడిన కొందరిలో బి12, మెగ్నీషియం తగ్గుతాయి. మామూలు గ్యాస్ మాత్రగా చెలామణీ అయ్యే క్యాప్సూళ్ళలో చాలావాటికి వెనక 'డి' అని ఉంటుంది. అది డోంపెరిడోన్. వాంతికి ఇచ్చే మందు, వయసు మళ్ళినవాళ్ళలో గుండె లయను చెడగొట్టగలదు. అది రోజూ మింగాల్సిన సరుకు కాదు.

అసలు మంట ఎందుకొస్తోంది? పక్కనున్న నొప్పి బిళ్ళ వైపు చూడండి. జీడితోటల్లో, రాళ్ళ పనుల్లో, నాట్ల కాలంలో ఒళ్ళు హూనమయ్యేవాళ్ళు వేసుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి జీర్ణాశయం లోపలి పొరను కాపాడే పదార్థాలనే తయారుకానివ్వవు. పుండు పడుతుంది, ఒక్కోసారి నొప్పి తెలియకుండానే రక్తం కారుతుంది. నొప్పి మాత్ర తప్పనిసరైన ముసలివాళ్ళకు పుండు పడకుండా డాక్టరు పాంటోప్రజోల్ కలిపి రాయడం మంచి వైద్యమే. ఆ జోడీ షాపువాడి చేతికొచ్చాక, అవసరం లేని నొప్పి మాత్రకు గ్యాస్ మాత్ర ధైర్యం ఇస్తోంది. కడుపు ఊరుకున్నా కిడ్నీ ఊరుకోదు. పక్కనే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు కారణమేమిటో ఇంకా పూర్తిగా తేలలేదు గానీ, నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయన్నది మాత్రం తేలిన విషయమే.

రెండో కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. పుండ్లకు కారం, కంగారు కారణమని లోకమంతా నమ్మిన రోజుల్లో, 1984లో ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ ఆ క్రిమి ఉన్న ద్రావణాన్ని తానే తాగి కడుపు మంట తెచ్చుకున్నాడు. ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ వచ్చింది. మన దేశంలో పెద్దవాళ్ళలో సగానికి పైగా ఈ క్రిమి ఉంటుందని అంచనా. అందరికీ జబ్బు చేయదు. పుండు ఉన్నవాడికి మాత్రం రెండు రకాల యాంటీబయోటిక్‌లూ ఆమ్లం తగ్గించే మందూ కలిపి రెండు వారాలు వాడితే, చాలామందిలో పీడ వదులుతుంది. పేచీ ఏమిటంటే, గ్యాస్ మాత్ర వేసుకుంటున్నవాడికి మలపరీక్షలో, శ్వాస పరీక్షలో ఆ క్రిమి ఉన్నా లేనట్టు రావచ్చు. పరీక్షకు ముందు రెండు వారాలు మాత్ర ఆపాలి. ఎన్నేళ్ళుగా వాడుతున్నాడో రోగి చెప్పడు, చెప్పాలని అతనికి తెలియదు. డబ్బు పోసి పరీక్ష చేయించుకుని "ఏమీ లేదన్నారు" అని ఇంటికొస్తాడు.

మూడో కారణం చెబితే మావాళ్ళకు కోపం వస్తుంది: గుడాఖు. పొగాకూ బెల్లం పాకం కలిపిన ఈ ముద్దను లేస్తూనే పళ్ళకు రుద్దుకోవడం ఒడిశా వైపు ఆడవాళ్ళలో మామూలు. అది రుద్దితేనే విరేచనం సాఫీగా అవుతుందంటారు. అబద్ధం కాదు, నికోటిన్ పేగును కదిలిస్తుంది. కానీ అదే నికోటిన్ అన్నవాహిక చివర ఉండే కండరాన్ని సడలిస్తుంది, ఆమ్లం పైకి తన్నుతుంది. అంటే మలబద్ధకానికి పొద్దున్నే వాడే మందే రాత్రి గుండెల్లో మంటకు కారణం. ఆ మంటకు మళ్ళీ మాత్ర. నోటి క్యాన్సర్ ప్రమాదం సరేసరి. నీళ్ళు, ఆకుకూర, దంపుడు బియ్యం, చోడి (రాగి) అంబలి, కాస్త నడక చేయాల్సిన పనిని పొగాకు చేత చేయిస్తున్నారు.

ఇప్పుడు నీటి సంగతి. రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకు పేరు వింటే తెలిసినవాళ్ళ గుండె ఝల్లుమంటుంది. 2001లో అక్కడ బూజు పట్టిన మామిడి టెంక పిండితో అంబలి కాచుకుని తాగి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2007లో అక్కడా, పక్కనున్న కొరాపుట్, కలహండిల్లోనూ కలరా ప్రబలింది. 2022 జులైలో మళ్ళీ అదే బ్లాకులో కలరా. టెంక పిండి మన మన్యంలోనూ తింటారు. సరిగ్గా నానబెట్టి ఆరబెట్టుకుంటే అది తిండే. వానాకాలంలో ఇంట్లో గింజ లేక తడిసిన పిండిని వండుకోవలసి వస్తే విషం. ఆ చావులకు జనం అజ్ఞానం కారణమని అప్పట్లో కొందరు పెద్దలు సెలవిచ్చారు. రేషను సరిగా అందని ఇంటిని పట్టుకుని అనే మాట కాదది.

కలరా క్రిమికి ఆమ్లం గిట్టదు. నీటితో లోపలికి వెళ్ళిన క్రిముల్లో చాలా భాగం జీర్ణాశయంలోనే చస్తాయి. అందుకే ఆరోగ్యవంతుడికి జబ్బు చేయాలంటే భారీగా క్రిములు కావాలి. ఆమ్లం తగ్గినవాడికి కొన్ని చాలు. గుమ్మం దగ్గర కాపలావాణ్ణి మనమే నిద్రపుచ్చుతున్నామన్నమాట. కలరా ఒక్కటే కాదు, సాల్మొనెల్లా లాంటి ఇతర పేగు జబ్బులకూ ఇదే వర్తిస్తుంది. కాబట్టి వాన మొదలయ్యాక ఈ జిల్లాల్లో అవసరం లేని గ్యాస్ మాత్ర ఆపించడం కూడా బావిలో బ్లీచింగ్ చల్లించడం లాంటి అంటువ్యాధి నివారణ పనే అని నా అభిప్రాయం. వైద్యాధికారుల వర్షాకాలపు సూచనల్లో ఈ మాట నేనెప్పుడూ వినలేదు.

అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టే తరవాణి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒడియావాళ్ళు పఖాళ తింటారు, మనం చద్దన్నం, తరవాణి. ఈమధ్య ఫోన్లలో దాన్ని సర్వరోగ నివారిణి చేసేశారు. అంత లేదు. చల్లారిన అన్నంలో పేగులోని మంచి బాక్టీరియాకు పనికొచ్చే పిండిపదార్థం కొంత పెరుగుతుంది, ఎండలో నీరూ ఉప్పూ అందుతాయి. అది చాలు మెచ్చుకోవడానికి. బాగా పులిసిన కుండలో కలరా క్రిమి బతకడం కష్టం. కానీ రాత్రి నీళ్ళు పోసి పొద్దున్నే తినే, ఇంకా పులవని అన్నానికి ఆ రక్షణ లేదు. వండిన అన్నం మీద పచ్చినీళ్ళు పోశాం గనక ఆ నీళ్ళు ఎలాంటివైతే అన్నం అలాంటిదే. కాచి చల్లార్చిన నీళ్ళు పోస్తే తంటా తీరుతుంది. ఇక పుల్లతేనుపులున్నవాళ్ళకు తరవాణి పడకపోతే మానేయొచ్చు, సంప్రదాయం ఏమీ అనుకోదు.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్. లీటరు ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసుకు కొంచెం చొప్పున కాదు. పిల్లలకు దాంతోపాటు 14 రోజులు జింక్. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని చక్కెర పానీయాలు అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దంది. పాత సరుకు ఎక్కడైనా మిగిలి ఉంటే డబ్బా మీద రాసింది చదివి కొనండి. పసిపిల్లలకు రోటావైరస్ చుక్కలు మరవద్దు. హైదరాబాద్‌లో తయారైన ఆ టీకాను ప్రభుత్వం 2016లో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ ఉన్నాయి. హద్దుకు అటూ ఇటూ ఒకేసారి జరిగిన మంచి పనుల్లో అదొకటి.

అలాంటివి అరుదు. పర్లాకిమిడివాడికి బరంపురం వైద్య కళాశాల కంటే శ్రీకాకుళం దగ్గర. పాతపట్నం దాటితే అంతా తన భాషే. ఒకసారి ఇటు, ఒకసారి అటు చూపించుకుంటాడు. కాగితాలు చెరో సంచిలో ఉంటాయి. అటు రాసిన మందు ఇటు డాక్టరుకు తెలియదు, పేరు వేరైన అదే మందు రెండుసార్లు పడుతుంది. ఇప్పుడు ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ వచ్చింది, 2025 నుంచి ఆ కార్డు ఇతర రాష్ట్రాల్లోని జాబితా ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. బాగానే ఉంది. కానీ అది ఆసుపత్రిలో చేరినవాడికి. కడుపులో మంటతో ఓపీలో కూర్చున్నవాడికి ఎండోస్కోపీ ఖర్చు జేబులోంచే. చౌకగా దొరికే మాత్రే అతనికి దిక్కు కావడంలో ఆశ్చర్యమేముంది? జిల్లా ఆసుపత్రిలో వారానికి రెండు రోజులైనా ఎండోస్కోపీ, పైలోరికి మలపరీక్ష ఉచితంగా పెట్టి, మందుల చీటీని తెలుగు, ఒడియా రెండు లిపుల్లో ఇస్తే, పెద్ద పెద్ద శిబిరాల కంటే మేలు.

ఈలోగా షాపు దగ్గర ఆగకూడని సందర్భాలు కొన్నున్నాయి. మలం తారులా నల్లగా రావడం, రక్తం కక్కడం, ముద్ద దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన మంట. వీటికి ఎండోస్కోపీ కావాలి. ఇక షుగరో బీపీయో ఉన్నవాడు, పొగాకు వాడేవాడు "పొట్ట పైభాగంలో పట్టేసింది, చెమటలు పోస్తున్నాయి, దవడ లాగుతోంది" అంటే ముందు ఈసీజీ తీయించాలి. గుండెపోటులో కొన్ని సరిగ్గా అలాగే మొదలవుతాయి. సోడా తాగితేనో జెల్ తాగితేనో కాస్త తగ్గినంత మాత్రాన అది గుండె కాదని తేలినట్టు కాదు. 108 రెండు రాష్ట్రాల్లోనూ పలుకుతుంది.