ఫిబ్రవరి 29: పుట్టినరోజు బడ్జెట్లు, మూడు తేదీల గ్రహణం

పోటీ పరీక్షల జీకే పుస్తకాల్లో, బడ్జెట్ సీజన్‌లో వచ్చే ప్రత్యేక కథనాల్లో ఒక బిట్టు తరచూ కనిపిస్తుంది. తన పుట్టినరోజైన ఫిబ్రవరి 29నే రెండుసార్లు బడ్జెట్ ప్రవేశపెట్టిన ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ అనీ, ఆ సంవత్సరాలు 1964, 1968 అనీ. రెండుసార్లు అన్నది నిజమే, ఏళ్లలో ఒకటి తప్పు. సీనియర్ నేతలు పదవులు వదిలి పార్టీ పనికి వెళ్లాలన్న కామరాజ్ ప్రణాళిక కింద మొరార్జీ 1963 ఆగస్టులోనే మంత్రి పదవి వదిలేశారు. 1964 ఫిబ్రవరి 29న లోక్‌సభలో బడ్జెట్ ప్రసంగం చదివింది టి.టి. కృష్ణమాచారి. మొరార్జీకి ఆ అవకాశం వచ్చింది 1960లో, మళ్లీ 1968లో. ఆర్థిక మంత్రుల పదవీకాలాల పట్టికను, బడ్జెట్ తేదీల పట్టికను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో దొరికే తప్పు ఇది. అయినా ఒకరు రాసింది మరొకరు ఎత్తి రాస్తూ ఏళ్ల తరబడి నడిపిస్తున్నారు. ఉద్యోగం కోసం రాత్రింబవళ్లు చదివే పిల్లలు దాన్నే కంఠస్థం చేస్తున్నారు. బాధ కలిగించేది అదే.

‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికను పత్రికల్లో ఎక్కువమంది చదువుతారు, దాని తయారీకి మాత్రం తక్కువ సమయం కేటాయిస్తారు. ఒకే తేదీ కింద పది సంగతులు పేర్చడం తేలిక. ఆ పదీ నిజంగా ఆ రోజువేనా అని చూడటమే పని. ఆ పని ఎంత అవసరమో ఫిబ్రవరి 29 చూపించినంత బాగా మరే తేదీ చూపించదు.

మొరార్జీ పుట్టింది 1896 ఫిబ్రవరి 29న. నాలుగేళ్లకు రావలసిన మొదటి పుట్టినరోజు తేదీ ఆయనకు ఎనిమిదేళ్లకు గానీ రాలేదు. నూటితో భాగింపబడే సంవత్సరం 400తో కూడా భాగింపబడితేనే లీపు సంవత్సరం అవుతుంది, 1900 అలా కాలేదు. అలా ఆయన జీవితంలో మొదటిసారి ఆ తేదీ వచ్చిన రోజునే, అంటే 1904 ఫిబ్రవరి 29న, మదురైలో రుక్మిణీదేవి అరండేల్ పుట్టారు. 1936లో కళాక్షేత్ర స్థాపించి భరతనాట్యానికి గౌరవ పీఠం వేసిన మనిషి. రాజ్యసభలో జంతుహింస నివారణ బిల్లు తెచ్చి, 1960 చట్టానికి బాట వేసిందీ ఆమే.

ఈ ఇద్దరి తేదీ కలవడం యాదృచ్ఛికం. జీవితాలు కలిసిన చోటు మాత్రం చరిత్ర. 1977లో ప్రధాని అయిన మొరార్జీ, రాష్ట్రపతి పదవికి పోటీ చేయమని రుక్మిణీదేవిని అడిగారు. ఆమె వద్దన్నారు. ఆ తర్వాత ఏకగ్రీవంగా ఎన్నికై, జులై 25న ప్రమాణం చేసింది మన నీలం సంజీవరెడ్డి. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో జనతా పార్టీ గెలిచింది ఒక్క నంద్యాలే, అక్కడి విజేత ఆయనే. ఇద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి అచ్చువేసి ఈ ముడి వదిలేస్తే పాఠకుడికి దక్కేది ఉత్త జాబితా. రెండు వాక్యాలు అదనంగా రాస్తే ఒక రాజకీయ మలుపు అర్థమవుతుంది.

ఇక తేదీ ఏ క్యాలెండర్‌ది, ఏ ఊరి గడియారంది అన్న లెక్క. 1503 జూన్ నుంచి జమైకా తీరంలో ఓడలు పాడై చిక్కుబడిన కొలంబస్, స్థానికులు ఆహారం ఇవ్వడం ఆపేసరికి, ఖగోళ పట్టికలు చూసి చంద్రగ్రహణం వస్తుందని తెలుసుకుని, దేవుడి ఆగ్రహం అని వాళ్లను భయపెట్టాడు. ఇది 1504 ఫిబ్రవరి 29 సాయంత్రం జరిగింది. అయితే అదే గ్రహణం ఖగోళ శాస్త్రవేత్తల పట్టికల్లో మార్చి 1 అని ఉంటుంది, వాళ్లు విశ్వకాలమానం, అంటే గ్రీనిచ్ సమయం, తీసుకుంటారు కాబట్టి. రెండూ అప్పటి పాత జూలియన్ క్యాలెండర్ తేదీలే. ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ లెక్కకు మార్చితే పది రోజులు కలిపి, జమైకాలో అది మార్చి 10 సాయంత్రం. ఏ తేదీ రాసినా తప్పు కాదు, ఏ లెక్కలో రాశామో చెప్పకపోవడమే తప్పు. కొత్త క్యాలెండర్ మొదలైంది 1582 అక్టోబరులో, బ్రిటన్ దానికి మారింది 1752లో. అందుకే 1582 అక్టోబరుకు ముందు సంఘటన ఏదైనా, బ్రిటన్‌కు సంబంధించి అయితే 1752కు ముందు ఏదైనా, ఈ పరీక్ష పెట్టకుండా అచ్చుకు పంపకూడదు. 1960లో మొరాకోలోని అగాదిర్ నగరాన్ని నేలమట్టం చేసిన భూకంపం అక్కడ ఫిబ్రవరి 29 రాత్రి 11.40కి వచ్చింది. అప్పటికి మనకు మార్చి 1 తెల్లవారుజాము. ఇలాంటి చోట సంఘటన జరిగిన ఊరి తేదీనే తీసుకోవాలి. చనిపోయిన 12 వేల మందికి పైగా జనానికి ఆ రాత్రి ఫిబ్రవరి 29.

యంత్రాలను నమ్మినా చిక్కే. 1860 ఫిబ్రవరి 29న పుట్టిన హెర్మన్ హోలెరిత్, చిల్లుల కార్డులతో 1890 అమెరికా జనాభా లెక్కలను యంత్రానికి అప్పగించిన ఇంజినీరు. ఆయన కంపెనీ కలిసిన సంస్థే తర్వాత ఐబీఎం అయింది. ఆయన పుట్టినరోజే ఇప్పటికీ కంప్యూటర్లను తడబెడుతోంది. 2012లో మైక్రోసాఫ్ట్ వారి అజూర్ క్లౌడ్ సేవలు ఆగిపోయింది ఈ తేదీ వల్లే. సర్వర్ల భద్రతకు వాడే సర్టిఫికెట్‌ను ఏడాది గడువుతో తయారు చేసేటప్పుడు ప్రోగ్రాం సంవత్సరానికి ఒకటి కలిపింది, వచ్చింది 2013 ఫిబ్రవరి 29. లేని తేదీ కాబట్టి సర్టిఫికెట్ పుట్టలేదు, సర్వర్లు మొరాయించాయి. 2024లో ఇదే రోజు న్యూజిలాండ్‌లో సొంతంగా డబ్బు చెల్లించి పెట్రోలు పట్టుకునే బంకులు గంటల తరబడి పనిచేయలేదు.

శీర్షిక తయారుచేసేవాళ్లకు నేరుగా తగిలే చిక్కు ఎక్సెల్‌లో ఉంది. లోటస్ అనే పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాంతో పొసగడం కోసం ఎక్సెల్ 1900ను లీపు సంవత్సరంగా లెక్కిస్తుంది. గడిలో 60 అని కొట్టి తేదీగా మార్చండి, ఎన్నడూ లేని 1900 ఫిబ్రవరి 29 కనిపిస్తుంది. దాని ఫలితంగా 1900 జనవరి, ఫిబ్రవరి తేదీలకు వారం ఒక రోజు తప్పు చూపిస్తుంది. అంతకుముందు తేదీలనైతే అసలు తేదీలుగానే గుర్తించదు. అందుకే పాత తేదీల వారాలను పంచాంగంతోనో నాటి పత్రికతోనో సరిచూడాలి.

పంచాంగం మాట వచ్చింది కాబట్టి, అరుదుగా వచ్చే రోజున పుట్టినవాళ్ల సంగతి మనవాళ్లు ఎప్పుడో తేల్చారు. అధిక మాసంలో పుట్టినవారికి ఆ తర్వాతి ఏళ్లలో నిజ మాసంలో అదే తిథి నాడు పుట్టినరోజు జరపడం చాలా ఇళ్లలో వాడుక. 2023లో అధిక శ్రావణంలో పుట్టిన పిల్లలకు ఇప్పుడు చేస్తున్నది అదే. ఇంగ్లిష్ తేదీకి ప్రపంచమంతా ఒకే పద్ధతి లేదు. ఇంగ్లండ్ చట్టం మామూలు సంవత్సరాల్లో మార్చి 1న వయసు నిండినట్టు చూస్తే, న్యూజిలాండ్ డ్రైవింగ్ లైసెన్సు నిబంధనలు ఫిబ్రవరి 28న చూస్తాయి. మన సుప్రీంకోర్టు 1986లో ప్రభుదయాళ్ సెస్మా కేసులో పుట్టిన రోజును పూర్తి రోజుగా లెక్కించి, పుట్టినరోజుకు ముందు రోజునే వయసు నిండుతుందని తేల్చింది. ఆ సూత్రం వర్తింపజేస్తే ఫిబ్రవరి 29న పుట్టినవారికి లీపు సంవత్సరమైనా కాకపోయినా ఫిబ్రవరి 28నే వయసు నిండుతుంది.

పత్రికలూ ఇదే దారి పట్టాలని నా అభిప్రాయం. ఇప్పుడు నాలుగేళ్లలో మూడేళ్లు రుక్మిణీదేవి జయంతికి శీర్షికలో చోటు దొరకదు. ఫిబ్రవరి 28 అంటే రామన్ ఎఫెక్ట్, జాతీయ సైన్స్ దినోత్సవం. మార్చి 1కి దాని సొంత జాబితా ఉంది. మధ్యలో పడినవాళ్లు జారిపోతున్నారు. లీపు కాని సంవత్సరాల్లో ఫిబ్రవరి 28 శీర్షిక కింద ‘ఫిబ్రవరి 29న’ అని చిన్న ఉపశీర్షిక పెట్టి, నాలుగు వరుసలు కేటాయిస్తే చాలు. మొరార్జీ, రుక్మిణీదేవి, హోలెరిత్‌లతో పాటు 1996లో పుణెలో వెస్టిండీస్‌ను 93 పరుగులకే ఆలౌట్ చేసి గెలిచిన కెన్యా జట్టుకూ అందులో చోటు సరిపోతుంది.