“లైవ్ వ్యూ ఉంది కదా, వీడియో ఎందుకు లేదు?”: రేంజ్‌ఫైండర్ మీద తిరుగుతున్న వాదనకు జవాబు

డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరాల (వ్యూఫైండర్‌లో కనిపించే రెండు బొమ్మలను ఒకటి చేసి చేత్తో ఫోకస్ చేసేవాటి) గురించి ఒక వాదన ఏళ్ళ తరబడి చేతులు మారుతూ తిరుగుతోంది. దాని సారం ఇది: “సెన్సర్ ఎలాగూ లైవ్ వ్యూ, అంటే ఎదుటి దృశ్యాన్ని అప్పటికప్పుడు వెనక స్క్రీన్ మీద, చూపిస్తోంది. ఆ కదిలే బొమ్మనే కార్డులోకి రాస్తే వీడియో అయిపోతుంది. ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) మారిస్తే చాలు, ఖర్చేం లేదు. రేంజ్‌ఫైండర్‌తో ఫోకస్ కచ్చితంగా కుదురుతుంది. లెన్సులా, అద్భుతం. పైగా లైకా ఎం 240లో ఒకసారి ఇచ్చారు కూడా. ఆ తర్వాత తీసేయడం ఒట్టి పొగరు. వద్దనుకునేవాళ్ళు బటన్ నొక్కకుండా ఉంటే సరి.”

వినడానికి బాగానే ఉంది. కొంత నిజమూ ఉంది, దాన్ని దాచం. రేంజ్‌ఫైండర్ బాడీలో వీడియో పెట్టడం అసాధ్యమేమీ కాదు. కాకపోతే ఆ వీడియో రేంజ్‌ఫైండర్‌ను పక్కన కూర్చోబెట్టి పనిచేస్తుంది. చిక్కు అక్కడుంది. అందుకే ఒక్కో మాటా విడిగా చూద్దాం.

ముందే ఒకటి తేల్చుకోవాలి. వ్యూఫైండర్ మూలన ఉన్న ప్రతి కెమెరా రేంజ్‌ఫైండర్ కాదు. ఈ వాదనకు సాక్ష్యంగా చూపే ఫొటోల్లో సగం అలాంటి మిర్రర్‌లెస్ కెమెరాలే. ఇక్కడ మాట్లాడుతున్నది లెన్స్ కదలికను పిసరంత తేడా లేకుండా వ్యూఫైండర్‌కు చేరవేసే యాంత్రిక రేంజ్‌ఫైండర్ ఉన్న కెమెరాల గురించి. డిజిటల్‌లో అవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని: 2004లో వచ్చిన ఎప్సన్ ఆర్-డి1, 2006 నాటి ఎం8 మొదలుకొని లైకా ఎం వరస, ఫ్రాన్సులో తయారయ్యే పిక్సీ.

“లైవ్ వ్యూ ఉంటే వీడియో ఉన్నట్టే”

పప్పులో కాలేసేది ఇక్కడే. లైకా ఎం10 వెనక స్క్రీన్‌లో 10,36,800 చుక్కలుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చుక్కలు కలిస్తే ఒక పిక్సెల్, అంటే స్క్రీన్ మీద కనిపించేది 720×480. ఆ బొమ్మలో మొత్తం 3,45,600 పిక్సెళ్ళు. 1080పి వీడియో ఒక్క ఫ్రేములో 20,73,600 ఉండాలి, సరిగ్గా ఆరు రెట్లు. 4కె అయితే 82,94,400, అంటే 24 రెట్లు. లైవ్ వ్యూ కోసం సెన్సర్ అక్కడక్కడా వరసలు వదిలేసి చదివినా స్క్రీన్ మీద ఎవరికీ తెలియదు. వెలుతురు తగ్గి బొమ్మ కాస్త నత్తనడక నడిచినా, మధ్యలో ఒక ఫ్రేము జారిపోయినా ఫిర్యాదు రాదు. ఫొటో తీసేముందు చూసుకోవడానికే కదా అది. అదే పని రికార్డింగులో జరిగితే పెద్ద తెర మీద కుదుపుగా కనిపిస్తుంది.

వరసలు వదిలి చదివిన బొమ్మను అలాగే రికార్డు చేస్తే మరో తలనొప్పి. ఎం కెమెరాల సెన్సర్ ముందు మోయిర్‌ను (సన్నటి గీతల మీద పుట్టే లేనిపోని అలలను) తగ్గించే లో-పాస్ ఫిల్టర్ ఉండదు. ఫొటోల్లో సూక్ష్మమైన వివరం పదునుగా రావడానికి అదే కారణం. వీడియోలో మాత్రం సన్నచారల బట్టలు, ఇటుక గోడలు, పెంకుల కప్పులు కనిపించినప్పుడల్లా రంగురంగుల అలలు పాకుతాయి, ఏటవాలు గీతలు మెట్లు మెట్లుగా వస్తాయి. దాన్ని తప్పించాలంటే సెన్సర్ మొత్తం చదివి కుదించాలి. ఎం11 సెన్సర్ 6 కోట్ల పిక్సెళ్ళది. దాన్ని సెకనుకు 25 సార్లు ఆసాంతం చదవడమంటే లైవ్ వ్యూకు దగ్గరి చుట్టం కూడా కాదు.

“ఫర్మ్‌వేర్ మారిస్తే చాలు, ఖర్చేం లేదు”

ఇందులో సగం ఒప్పుకోవాలి. ప్రాసెసర్ చేతకాక వీడియో లేదనడం తప్పు. ఎం10లో ఉన్నది మాయెస్ట్రో 2 తరం ప్రాసెసర్. అదే తరం ప్రాసెసర్‌తో 2015లో వచ్చిన లైకా క్యూ, ఎస్‌ఎల్ రెండూ వీడియో తీశాయి. వీడియో కావాలంటే వాటిని కొనుక్కోమనే వ్యాపార లెక్క ఇందులో లేదని మేమూ అనం.

కానీ కెమెరా అంటే ప్రాసెసర్ ఒక్కటే కాదు. ఎం మౌంట్ (లెన్స్ బిగించే రింగు) అంచు నుంచి సెన్సర్ దాకా దూరం 27.8 మి.మీ. 1954 నాటి ఎం3 నుంచి అదే, దాన్ని వెంట్రుకవాసి కూడా మార్చడానికి వీల్లేదు. సెన్సర్, దాని బోర్డు, స్క్రీన్ అన్నీ ఆ గీత వెనకే సర్దుకోవాలి. ఫిల్మ్ కెమెరాలో అక్కడ పల్చటి ప్రెషర్ ప్లేటూ, వెనక తలుపూ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. అందుకే డిజిటల్ ఎం లావెక్కింది, వాడేవాళ్ళు ఏళ్ళ పాటు గొణిగింది కూడా దాని గురించే. ఎం 240 మందం 42 మి.మీ. వీడియో లేని ఎం10 మందం 38.5 మి.మీ. ఈ మూడున్నర మిల్లీమీటర్లూ వీడియో తీసేసినందుకే మిగిలాయని కాదు, మౌంట్‌ను కాస్త ముందుకు పొడుచుకొచ్చేలా చేయడం వంటి కిటుకులు కూడా ఉన్నాయి. అయితే సెన్సర్ నిమిషాల తరబడి ఆగకుండా చదువుతూ ఉంటే పుట్టే వేడికి దారి కావాలి. వేడి లాగే లోహపు పలక పెట్టాలంటే సెన్సర్ వెనక చోటు కావాలి, ఆ చోటునే ఇక్కడ గీకి గీకి మిగిల్చారు. వేడి సెన్సర్‌లో నిలిచిపోతే ముందు నీడల్లో రవ్వలాంటి చుక్కలు (నాయిస్) పెరుగుతాయి, తర్వాత కెమెరా తనంతట తానే రికార్డింగ్ ఆపేస్తుంది.

“రేంజ్‌ఫైండర్ ఫోకస్ వీడియోకి వరం”

అసలు విషయం ఇదే, కాస్త నింపాదిగా చూడాలి. లెన్స్ వెనక ఒక అంచు ఉంటుంది, బాడీలో పైనున్న చిన్న చక్రం దానికి ఆనుకుని ఉంటుంది. ఫోకస్ రింగ్ తిప్పితే అంచు ముందుకూ వెనక్కూ జరిగి చక్రాన్ని నెడుతుంది. చక్రం పట్టుకున్న చేయి రెండో కిటికీలోంచి వచ్చే బొమ్మను పక్కకు జరుపుతుంది. రెండు బొమ్మలు ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. సెన్సర్‌తో దీనికి పని లేదు కాబట్టి రికార్డింగ్ నడుస్తున్నా ఇది పనిచేస్తుంది. అంతవరకూ నిజం. కచ్చితత్వానికీ లోటు లేదు: ఎం10లో రెండు కిటికీల మధ్య దూరం 69.25 మి.మీ., వ్యూఫైండర్ 0.73 రెట్లు చూపిస్తుంది, రెండూ హెచ్చవేస్తే పనికొచ్చే దూరం 50.6 మి.మీ.

ఇదంతా వ్యూఫైండర్ నట్టనడుమ ఉన్న చిన్న పెట్టెలోనే జరుగుతుందన్నది మరిచిపోతున్నారు. ఫొటోలో ఏం చేస్తాం? ముఖాన్ని మధ్యకు తెచ్చి, బొమ్మలు కలిపి, మళ్ళీ ఫ్రేము సర్దుకుని నొక్కుతాం. వీడియోలో ఆ తేవడం, సర్దుకోవడం కూడా రికార్డవుతాయి. మనిషి ఫ్రేములో ఒక పక్కకు నిలబడితే, కెమెరా కదపకుండా అతని మీద ఫోకస్ సరిచూసుకునే దారే లేదు.

లెక్క చూడండి. 50 మి.మీ. లెన్స్, ఎఫ్/1.4, మనిషి 2 మీటర్ల దూరంలో. పదునుగా ఉండే లోతు మొత్తం కలిపి సుమారు 13 సెంటీమీటర్లు. మామూలుగా నడిచే మనిషి సెకనుకు సుమారు 1.3 మీటర్లు వస్తాడు. 25 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకు 5 సెంటీమీటర్లు. అంటే మూడో ఫ్రేముకల్లా ఆ లోతు దాటేస్తాడు. జంట బొమ్మ విడిపోయిందని కన్ను పసిగట్టి, చెయ్యి రింగు తిప్పి, మళ్ళీ కలిసిందని నిర్ధారించుకునే లోపు అతను ఇంకో అడుగు వేసేస్తాడు. జంట బొమ్మ చూపించేది ఈ క్షణం కలిసిందా లేదా అన్నది. ఎంత వేగంతో, ఎటు తిప్పాలో ముందుగా చెప్పదు. సినిమా లెన్సుల్లో ఫోకస్ రింగు 270 డిగ్రీలు, ఆ పైన కూడా తిరిగేది ఇందుకే. వేలు పెట్టే టాబ్ ఉన్న 35 మి.మీ. ఎం లెన్సుల్లో మొత్తం ప్రయాణం పావు చుట్టుకు అటూ ఇటూ. ఫొటోకి అది చురుకు, వీడియోకి గుర్రప్పరుగు.

పైగా కన్ను వ్యూఫైండర్‌కు ఆనించి, ఎడమచేత్తో టాబ్ తిప్పుతుంటే ఆ తిప్పిన ప్రతిసారీ బొమ్మ ఊగుతుంది. ట్రైపాడ్ మీద పెడితే ఊగదు, కానీ అప్పుడు చూసేది వెనక స్క్రీన్ లోకి. రేంజ్‌ఫైండర్ ఖాళీగా కూర్చుంది!

ఫ్రేము సంగతి కూడా ఉంది. వ్యూఫైండర్‌లో వెలిగే గీతలు 3:2 ఫొటోవి. 36×24 మి.మీ. సెన్సర్ మీద 16:9 వీడియో అంటే 36×20.25, పైనా కిందా చెరో 1.875 మి.మీ. పోతుంది. ఎంత పోతోందో గీతలు చెప్పవు. అవి సరిపోయేది 2 మీటర్ల దూరానికి, అంతకన్నా దూరమైతే గీతలు చూపించిన దానికన్నా ఎక్కువే సెన్సర్‌లో పడుతుంది. ఫొటోని తర్వాత కత్తిరించుకుంటాం. పైనుంచి మైకు తొంగిచూసిన రెండు నిమిషాల వీడియోని ఏం చేస్తాం?

ఒక్క మేలు మాత్రం ఒప్పుకుందాం. వ్యూఫైండర్ లెన్స్‌లోంచి చూడదు కాబట్టి ముందు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఎంత చిక్కటిది బిగించినా కంటికి దృశ్యం మసకబారదు. ఎండలో వీడియోకి అది తప్పనిసరి. 25 ఫ్రేములకు షట్టర్ 1/50, ఐఎస్ఓ 200 అనుకుంటే నిండు ఎండలో ఎపర్చర్ ఎఫ్/32 కావాలి. ఎఫ్/2 దగ్గర తీయాలంటే 8 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) తగ్గించాలి, అంటే ఎన్‌డీ256. ఎఫ్/8 చాలనుకుంటే 4 స్టాపులు, ఎన్‌డీ16. 35 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/8లో 5 మీటర్ల దగ్గర పెట్టి వదిలేస్తే రెండున్నర మీటర్ల నుంచి అనంతం దాకా పదునుగా వస్తుంది. రేంజ్‌ఫైండర్ కెమెరాతో హాయిగా తీయగల వీడియో అంటే ఇదే, ఇందులో రేంజ్‌ఫైండర్‌ను ముట్టుకోనక్కర్లేదు.

“ఎం 240లో ఇచ్చారుగా!”

ఇచ్చారు. 2012లో ప్రకటించారు. 1080పి, మోషన్ జేపెగ్. ప్రతి ఫ్రేమునూ విడి జేపెగ్‌గా రాసే పద్ధతి అది. మారిన భాగాన్ని మాత్రమే రాసే హెచ్.264తో పోలిస్తే అదే నాణ్యతకు ఫైలు బాగా పెరుగుతుంది. లోపల ఉన్నది ఒకే మోనో మైకు, రింగు తిప్పిన చప్పుడూ, వేలి రాపిడీ అందులో పడతాయి. స్టీరియో మైకు కావాలంటే అడాప్టర్‌ను హాట్ షూలో (కెమెరా పైన ఫ్లాష్ బిగించే గాడిలో) పెట్టాలి. విడిగా కొనే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ కూర్చునేదీ ఆ హాట్ షూలోనే. అంటే మంచి శబ్దం కావాలంటే ఫోకస్ చూసుకునే కన్ను తీసేయాలి, కన్ను కావాలంటే చెవి తీసేయాలి. బాడీ మీద మిగిలిన చోటు అంతే మరి.

తర్వాత 2015లో లైకా ఎం టైప్ 262 వచ్చింది: లైవ్ వ్యూ లేదు, వీడియో లేదు, పైపలక ఇత్తడికి బదులు అల్యూమినియం, బరువు 680 గ్రాముల నుంచి 600కి దిగింది. 2017లో ఎం10 లైవ్ వ్యూని వెనక్కి తెచ్చింది, వీడియోని తేలేదు. 2022లో ఎం11 కూడా అంతే. బ్యాటరీ మాత్రం ఎం10 కన్నా 64 శాతం పెరిగింది. పెట్టి చూసి, వాడి చూసి తీసేసినదాన్ని “ఒకప్పుడు ఉంది కాబట్టి ఉండాలి” అనడం వాదన కాదు.

ఇదే ఊపులో, వీడియో వస్తే రేంజ్‌ఫైండర్ ఆత్మ పోతుందని ఎదురు పాట పాడేవాళ్ళకూ ఒక మాట: ఎం 240 ఫొటోలకు ఏ లోటూ రాలేదు. ఆత్మలూ గీత్మలూ ఇక్కడ అప్రస్తుతం.

“వద్దంటే బటన్ నొక్కకండి”

ఎం 240 పైపలక మీద షట్టర్ బటన్‌కు ఆనుకునే వీడియో బటన్ ఉండేది. చూడకుండా వేలితో తడిమి వాడే కెమెరాలో ఆ చోట రెండో బటన్ పెట్టడమంటే, నొక్కకుండా ఉండటం మన చేతుల్లో లేదన్నమాట. బటన్ తీసేసి మెనూలోకి తోస్తే వీడియో కావాలన్నవాళ్ళే తిడతారు.

“ఆ లెన్సులతో వీడియో తీయలేకపోవడం అన్యాయం”

తీయొచ్చు, నిక్షేపంగా. 27.8 మి.మీ. దూరం మళ్ళీ ఇక్కడ పనికొస్తుంది. ఎల్ మౌంట్ దూరం 20 మి.మీ., సోనీ ఇ 18, నికాన్ జెడ్ 16. అంటే ఎం లెన్స్‌ను బిగించే అడాప్టర్ మందం వరసగా 7.8, 9.8, 11.8 మి.మీ. లోపల గాజు ఉండదు, ఒట్టి గొట్టం. ఆ బాడీల్లో స్క్రీన్ మీద ఎక్కడైనా పెద్దది చేసి ఫోకస్ చూసుకోవచ్చు, చాలావాటిలో మైకుకు విడి సాకెట్ ఉంటుంది.

జాగ్రత్త పడాల్సినవి మూడు. మొదటిది, 28 మి.మీ., అంతకన్నా వెడల్పు లెన్సులకు సెన్సర్ ముందున్న గాజు మందం పడదు, మూలలు మసకగా సాగిపోతాయి. ఫుల్‌ఫ్రేమ్ 16:9లో మూల కేవలం 1 మి.మీ. లోపలికి వస్తుంది, దానితో పెద్దగా తేడా ఉండదు. సూపర్ 35 క్రాప్ (సెన్సర్ నడిమి భాగాన్నే వాడే పద్ధతి) పెడితే ఆ మూలలే పోతాయి. రెండోది, ఎపర్చర్ రింగు అరస్టాపుకొకసారి టక్కుమంటుంది. రికార్డింగ్ మధ్యలో తిప్పితే వెలుగు మెట్టు దిగినట్టు పడిపోతుంది, శబ్దమూ పడుతుంది. ఎపర్చర్ ఒకచోట పెట్టి, వెలుగును వేరియబుల్ ఎన్‌డీతో (తిప్పి చిక్కదనం మార్చుకునే ఫిల్టర్‌తో) సర్దుకోండి.

మూడోది, అడాప్టర్ ఆ మందం కన్నా పిసరు ఎక్కువైతే లెన్స్ అనంతం దాకా చేరదు. తక్కువైతే అనంతం దాటిపోతుంది, అప్పుడు లెన్స్ మీద చెక్కిన అంకెలు నమ్మి ఫోకస్ లాగడం కుదరదు. కొనగానే 50 మి.మీ. లెన్స్ బిగించి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, రింగును అనంతం దగ్గర ఆగేదాకా తిప్పి, కిలోమీటరు అవతలున్న టవర్‌ను స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. టవర్ అంచు మసగ్గా ఉంటే, రింగును మెల్లగా వెనక్కి తిప్పుతూ పదును ఎక్కడ వస్తుందో గమనించండి. వస్తే అడాప్టర్ పల్చన, రాకపోతే మందం.