లీటరున్నర మహిమ

కారు గురించి అడగదగ్గ ప్రశ్న ఒక్కటే. "ఎంతిస్తుంది?" తక్కినవన్నీ కాలక్షేపం. ఖరీదైన కార్ల వాళ్లకు ఈ ప్రశ్నంటే నామోషీ. అందుకే వాళ్ల బ్రోషర్లలో దీనికి జవాబు చిట్టచివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. 2014లో ఆ ఆనవాయితీ తిరగబడింది. జర్మనీ వారి ఆడి కంపెనీ ఏ3 స్పోర్ట్‌బ్యాక్ ఈ-ట్రాన్ అనే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (పెట్రోలుతోనూ, ప్లగ్గు పెట్టి నింపిన కరెంటుతోనూ నడిచే) హ్యాచ్‌బ్యాక్‌ను యూరప్ మార్కెట్లోకి దించి, ఎవరూ అడక్కముందే తనే చెప్పేసింది: వంద కిలోమీటర్లకు లీటరున్నర పెట్రోలు. అంటే లీటరుకు 66 కిలోమీటర్లు. టన్నున్నర బరువు, గంటకు 222 కిలోమీటర్ల వేగం, లీటరుకు 66. మోపెడ్ కూడా ఈ మాట అనడానికి ముందు అటూ ఇటూ చూస్తుంది.

ఈ అంకె చూసి నవ్వినవాళ్లున్నారు. పాపం, వాళ్లకు సాంకేతిక పరిజ్ఞానం లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ముందు యంత్రం సంగతి. ఇంజిన్ 1.4 లీటర్ల టర్బో పెట్రోల్, 150 హార్స్‌పవర్. ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సులోనే బిళ్లలాంటి ఎలక్ట్రిక్ మోటారును ఇమిడ్చారు, అది 102 హార్స్‌పవర్. ఇంజిన్‌కూ మోటారుకూ నడుమ విడిగా ఇంకో క్లచ్. అది విడిపోతే ఇంజిన్ నిద్రపోతుంది, బండిని మోటారే లాగుతుంది. 150కి 102 కలిపితే 252 కదా అనుకోకండి, కంపెనీ చెప్పేది 204. రెండూ ఒకేసారి తమ గరిష్ఠ బలం చూపించవు కాబట్టి ఉన్నదే చెప్పారు. బ్రోషర్ మొత్తంలో అంకెను తగ్గించి చెప్పిన చోటు ఇదొక్కటే. జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి.

వెనక సీటు కింద 8.8 యూనిట్ల బ్యాటరీ, 125 కిలోలు. దానికి చోటివ్వడానికి పెట్రోలు ట్యాంకు వెనక్కి జరిగి ఇరుసు మీదికెక్కింది. దాంతో మామూలు ఏ3లో 380 లీటర్లున్న డిక్కీ 280కి కుంచించుకుపోయింది. బ్యాటరీ నిండుగా ఉంటే 50 కిలోమీటర్లు పెట్రోలు చుక్క లేకుండా పోతుందని, కరెంటు మీదే గంటకు 130 కిలోమీటర్లు అందుకుంటుందని హామీ. నాలుగు రకాల మోడ్‌లున్నాయి. కరెంటు మాత్రమే వాడేది ఒకటి, కారే తెలివిగా ఎంచుకునేది ఒకటి, ఉన్న చార్జింగు తర్వాతికి దాచుకునేది ఒకటి. నాలుగోది పెట్రోలు కాల్చి బ్యాటరీ నింపేది. పెట్రోలు ఆదా చేయడానికి పెట్టిన బ్యాటరీని పెట్రోలుతో నింపే మీట కూడా పెట్టారంటే, వాడేవాడి స్వభావం ఇంజినీర్లకు ముందే తెలుసన్నమాట.

ఇక ప్రీమియం సంగతి. చార్జింగ్ సాకెట్టు ఎక్కడుందో బయటినుంచి చూసినవాడికి తెలియదు. ముందు గ్రిల్లు మీద మెరిసే నాలుగు ఉంగరాలున్నాయే, వాటిని పట్టుకుని పక్కకు జరపాలి. గర్భగుడి తెర తొలగినట్టు అవి జరిగి, వెనకాల సాకెట్టు దర్శనమిస్తుంది. మామూలు కారుకు మూత ఉంటుంది, దీనికి లోగోయే మూత. ఆడి ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపువాళ్ల గోల్ఫ్ జీటీఈ కారులోనూ ఇదే ఇంజిన్, ఇదే మోటారు, ఇదే లీటరున్నర. చివరికి సాకెట్టు కూడా లోగో వెనకే. ఉంగరాల సంఖ్య తప్ప పెద్ద తేడా లేదు. ఆ ఉంగరాలను జీవితంలో ఒక్కసారైనా పక్కకు జరిపిన యజమానులెందరు అన్నది వేరే శాస్త్రం. దాని దగ్గరికీ వద్దాం.

ఇప్పుడు లీటరున్నర. బ్రోషర్‌లోనే ఇంకో రెండంకెలున్నాయి. ట్యాంకు 40 లీటర్లు. నిండు ట్యాంకు, నిండు బ్యాటరీతో మొత్తం ప్రయాణం 940 కిలోమీటర్లు. వందకు లీటరున్నరే తాగే కారు 40 లీటర్లతో ఎంతదూరం పోవాలి? 2,666 కిలోమీటర్లు. పోయేది 940. మిగతా 1,700 పైచిలుకు కిలోమీటర్లు ఎక్కడో తప్పిపోయాయి. ఎవరైనా పోలీసు రిపోర్టు ఇచ్చారో లేదో మరి. 940లోంచి బ్యాటరీ మోసిన 50 తీసేస్తే 890. అంతదూరం 40 లీటర్ల మీద అంటే వందకు నాలుగున్నర లీటర్లు. ఇది ఇంజిన్ నిజంగా తాగేది. నిజంగా అంటే, ప్రయోగశాలలో నిజంగా.

నాలుగున్నర ఒకటిన్నర ఎలా అయిందో తెలియాలంటే ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం వారి 101వ నిబంధన దగ్గరికి పోవాలి. అందులో ఒక సూత్రం ఉంది. కారు నిండు బ్యాటరీతో బయల్దేరుతుంది, బ్యాటరీ ఉన్నంతసేపూ పెట్రోలు సున్నా. బ్యాటరీ అయిపోయాక పెట్రోలు మీద ఇంకొంత దూరం పోతుంది. ఎంతదూరం? 25 కిలోమీటర్లు. అంతే. తర్వాత మళ్లీ చార్జింగ్. 50 కిలోమీటర్లు సున్నాతో, 25 కిలోమీటర్లు నాలుగున్నర లెక్కన. మొత్తం 75 కిలోమీటర్లకు 1.125 లీటర్లు. వందకు ఎంతయింది? సరిగ్గా లీటరున్నర. గుణకారంలో లోపం లేదు, భాగహారం మచ్చలేనిది. ఆ 25 మాత్రం ఏ మనిషి జీవితంలోంచి తీశారో సూత్రం చెప్పదు.

ఆ మనిషిని నేను ఊహించుకున్నాను. పేరు సగటురావు గారు. ఆడి ఫ్యాక్టరీ ఉన్న ఇంగోల్‌స్టాట్‌లోనే ఉంటారు. బెర్లిన్‌లో మేనకోడలి పెళ్లి. దూరం దాదాపు 500 కిలోమీటర్లు, మంచి ఆటోబాన్. ఉదయం ఆరింటికి బయల్దేరారు. ఆ అధికారిక పరీక్షలో సగటు వేగం గంటకు 33.6 కిలోమీటర్లు కాబట్టి ఆయనా అంతే. వెనకనుంచి లారీలు హారన్లు కొడుతున్నా ఆయన చలించలేదు. 50 కిలోమీటర్ల తర్వాత ఇంజిన్ మేల్కొంది. ఆయన కళ్లు మీటరు మీదే ఉన్నాయి. 73, 74, 75. రోడ్డు దిగి, ఏదో పల్లెలో మొదటి ఇంటి తలుపు తట్టారు.

"అమ్మా, కాస్త మీ ప్లగ్గు వాడుకోవచ్చా? ఎంతోసేపు కాదు, మూడుముప్పావు గంటలు."

"అయ్యో, కారు చెడిపోయిందా?"

"లేదమ్మా, బ్రహ్మాండంగా ఉంది."

"పెట్రోలు అయిపోయిందా?"

"38 లీటర్లకు పైనే ఉందమ్మా. కానీ ఇంకో అడుగు వేస్తే లెక్క చెడిపోతుంది."

ఆ తల్లి భర్తను పిలిచింది. భర్త పక్కింటాయన్ను పిలిచాడు. ఉంగరాలు పక్కకు జరిగాయి, ఊరంతా చూసి ఆనందించింది. మూడుముప్పావు గంటల తర్వాత ఆయన బయల్దేరి, ఇంకో 75 కిలోమీటర్ల దగ్గర ఇంకో తలుపు తట్టారు. ఇలా ఆరిళ్లు. ఆరుసార్లకు ఇరవై రెండున్నర గంటల చార్జింగ్, పదిహేను గంటల ప్రయాణం. మర్నాడు సాయంత్రం ఏడున్నరకు బెర్లిన్ చేరేసరికి పెళ్లి అయిపోయింది, షామియానా కూడా విప్పేశారు. అయినా ఆయన ముఖంలో దిగులు లేదు. 500 కిలోమీటర్లకు ఏడు లీటర్లు కూడా తాగలేదు మరి! వచ్చినవాళ్లలో బ్రోషర్ మాట నిలబెట్టిన ఏకైక మానవుడు ఆయనే.

యూరప్ ప్రభుత్వాలు పన్నులు వేసింది ఈ సగటురావు గారిని చూసే. లీటరున్నర అంటే కిలోమీటరుకు 35 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. 50 గ్రాముల లోపుంటే పుణ్యాత్ముడని లెక్క. నెదర్లాండ్స్‌లో కంపెనీ కారును సొంత పనులకు వాడుకునే ఉద్యోగి, అప్పట్లో మామూలుగా దాని ధరలో 25 శాతం తన ఆదాయంగా చూపించి పన్ను కట్టాల్సి వచ్చేది. 50 గ్రాముల లోపు కారైతే 2014లో 7 శాతం చాలు. బ్రిటన్ ప్రభుత్వం కొన్నవాడికి 5,000 పౌండ్ల దాకా చేతిలో పెట్టింది. యూరోపియన్ యూనియన్ అయితే ఇంకా పెద్ద మనసు చూపించింది. కంపెనీల సగటు కాలుష్యం లెక్కగట్టేటప్పుడు, ఇలాంటి ఒక్కో కారును 2014లో రెండున్నర కార్లుగా లెక్కపెట్టింది. అంటే కంపెనీ ఇలాంటి కారు ఒకటి అమ్మితే, దాని లెక్కలో ఇంకో ఒకటిన్నర కారు ఊరికే పుణ్యం మూటగట్టుకుని వచ్చి చేరుతుంది. ఆ ఒకటిన్నర కారు ఏ రోడ్డు మీదా తిరగదు కాబట్టి అదొక్కటే నిజంగా కాలుష్యం లేనిది.

అన్నట్టు, ఇదే గ్రూపు 2015లో డీజిల్ కార్ల పొగ పరీక్షల్లో దొంగ సాఫ్ట్‌వేర్ వాడి అమెరికాలో పట్టుబడింది. అది నేరం, దానికి శిక్షలు పడ్డాయి. లీటరున్నరకు సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. చట్టమే రాసిచ్చింది.

ఇక ఆ ఉంగరాల వెనక సాకెట్టుకు తగిలించే కేబుల్ సంగతి. 2018లో బ్రిటన్‌లో కంపెనీ కార్ల ఇంధన ఖర్చులు చూసే మైల్స్ కన్సల్టెన్సీ దాదాపు 1,500 ప్లగ్-ఇన్ హైబ్రిడ్ల లెక్కలు తీసింది. తయారీ కంపెనీలు చెప్పిన సగటు లీటరుకు 46 కిలోమీటర్లు. రోడ్డు మీద వచ్చింది 14. కొన్ని కార్లు తిరిగి వచ్చినప్పుడు డిక్కీలో చార్జింగ్ కేబుల్ ప్లాస్టిక్ కవర్లోనే ఉందట. కొత్తగా, మడత విప్పకుండా. ఎందుకు విప్పుతారు? పెట్రోలు పోయించుకుంటే కంపెనీ కార్డు గీకుతారు. ఇంట్లో చార్జింగ్ పెడితే కరెంటు బిల్లు తన జేబులోంచి పోతుంది. రోజూ 125 కిలోల బ్యాటరీని, విప్పని కేబుల్‌ను మోసుకుంటూ ఇంజిన్ మాత్రమే పరుగెత్తుతుంది. ఇంతకంటే చిన్న ఇంజిన్ కారు కొనుక్కుంటే తక్కువ తాగేది. కానీ దానికి రాయితీ రాదు.

ఆ 5,000 పౌండ్లు ఎవరివి? పొద్దున్నే బస్సెక్కి పనికి పోయే మనిషివి. కారే లేని మనిషివి. వాడు సబ్బు కొన్నా పన్ను, బూట్లు కొన్నా పన్ను. ఆ డబ్బు తీసుకెళ్లి, కొత్త కారు కొనుక్కోగలిగిన వాడి చేతిలో పెట్టి, "నువ్వు గాలి శుభ్రం చేస్తున్నావు నాయనా" అని వీపు తట్టారు. వాడు అదే బస్టాపు ముందునుంచి పొగ వదులుకుంటూ పోయాడు. ఆ పొగ పీల్చింది ఎవడు? డబ్బిచ్చినవాడే! దీన్ని పర్యావరణ విధానం అని పేరుపెట్టి, గ్రాముల్లో లెక్కలు వేసి, సూత్రం చుట్టి, ఏళ్ల తరబడి నడిపించారు. సిగ్గుండాలి. ఒక్క అధికారి, ఒక్కడంటే ఒక్కడు, డిక్కీ తెరిచి కేబుల్ కవరు విప్పారా అని చూసి ఉంటే సరిపోయేది. బ్రిటన్ చివరికి 2018లో హైబ్రిడ్లకు ఆ డబ్బు ఆపేసింది. ఇచ్చింది మాత్రం తిరిగి అడగలేదు.

కారుకు తప్పులేదు, ఆ మాట చెప్పాలి. రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగి, రాత్రి ఇంట్లో ప్లగ్గు పెట్టేవాడికి ఇది మంచి బండి. ఊళ్లో చప్పుడు లేకుండా తిరుగుతుంది, దూరం పోవాలంటే దారిలో ఆగిపోతామన్న బెంగ లేదు. ఇంజిన్, మోటారు చేతులు మార్చుకునే తీరు తెలియనంత మెత్తగా ఉంటుంది. అంత పనితనాన్ని తీసుకెళ్లి ఒక అబద్ధపు అంకెకు అలంకారం చేశారన్నదే బాధ.

2018 నాటికి పాత పరీక్ష పోయి కొత్తది వచ్చింది, సూత్రం కూడా మారింది. సగటురావు గారు మాత్రం ఉద్యోగంలోనే ఉన్నారు, పైగా ప్రమోషన్ మీద. 2022లో ఐసీసీటీ, ఫ్రాన్‌హోఫర్ అనే పరిశోధన సంస్థలు యూరప్ కార్ల లెక్కలు తీస్తే, ఉద్యోగులకు కంపెనీలిచ్చే హైబ్రిడ్లు కరెంటు మీద నడిచింది మొత్తం దూరంలో 11 నుంచి 15 శాతం. సొంత కార్లయినా సగానికి రాలేదు. 2024లో యూరోపియన్ కమిషన్ తన సొంత లెక్క బయటపెట్టింది: రోడ్డు మీద ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్, కాగితం మీది అంకెకు మూడున్నర రెట్లు. అదే ఏడాది వచ్చిన కొత్త ఏ3 హైబ్రిడ్‌లో బ్యాటరీ 25.7 యూనిట్లు, కరెంటు మీద 143 కిలోమీటర్ల దాకా పోతుందట. వందకు పెట్రోలు అర లీటరు కూడా కాదట. లీటరున్నరను తిట్టినందుకు ఇప్పుడు క్షమాపణ చెప్పుకోవాలేమో.

సూత్రాన్ని ఇంకోసారి సవరిస్తున్నారు. కారు ఎంతమేరకు కరెంటు మీద నడుస్తుందో అంచనా వేయడానికి అందులో 800 కిలోమీటర్లు అని ఉన్న చోట కొత్త మోడళ్లకు 2025 నుంచి 2,200, 2027 నుంచి 4,260 పెట్టాలని నిర్ణయం. ఆ అంకె పెరిగేకొద్దీ సగటురావు గారి మీద నమ్మకం తగ్గుతుంది. మరీ అంత తగ్గిస్తే ఎలాగని తయారీదారులు గుండెలు బాదుకుంటున్నారు. కానీ ఇంతకీ సూత్రం దేనికి? 2021 నుంచి యూరప్‌లో రిజిస్టరయ్యే ప్రతి కొత్త కారులోనూ ఎంత ఇంధనం తాగిందో రాసుకునే మీటరు తప్పనిసరి. కమిషన్ మూడున్నర రెట్లని చెప్పింది ఆ మీటర్లు చూసే. ఆ మీటరే చూసి పన్ను వేయండి. కేబుల్ కవరు విప్పనివాడి దగ్గర రాయితీ వడ్డీతో సహా వసూలు చేయండి. కంపెనీ దగ్గరికి వచ్చేసరికి, ఒక్క కారును రెండున్నరగా లెక్కపెట్టారు కదా, జరిమానా కూడా రెండున్నర కార్లకు వేయండి.