అత్తగారి కోడ్‌లో కోడలి వేలు

(బరంపురంలో ఒక ఇల్లు. ముందు గదిలో అప్పడాల కట్టలు, వెనక గదిలో కంప్యూటరు. బిల్లుల ప్రోగ్రాం అత్తగారు 2011లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, దాని 2.7 వెర్షన్‌లో రాసింది. దాన్ని పైథాన్ 3కి మారుస్తున్నది కోడలు. అత్తగారి ఒళ్లో చేట, చేటలో మినప్పప్పు, చూపు మాత్రం కంప్యూటరు మీద.)

అత్త: నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతావమ్మాయ్?

కోడలు: 2020 జనవరి 1తో పైథాన్ 2కి సపోర్టు ఆగిపోయింది అత్తయ్యా.

అత్త: పైథాన్ 3 వచ్చింది 2008లో. పన్నెండేళ్లు ఓపిక పట్టినవాళ్లు ఇంకొన్నాళ్లు పట్టలేకపోయారా?

కోడలు: సులువైనవన్నీ టూ-టు-త్రీ అనే మార్పిడి పనిముట్టు మార్చేసింది. ప్రింట్‌కి బ్రాకెట్లు, ఎక్స్‌రేంజ్ బదులు రేంజ్...

అత్త: అన్నీ అదే చేస్తే, పొద్దుటినుంచి నువ్వు చేసిందేటి?

కోడలు: ఆ టూ-టు-త్రీని పైథాన్ 3.13లో తీసేశారు. దాని కోసం 3.12 విడిగా ఎక్కించాను. ఆపైన మీరు కొన్ని వరసలకి ట్యాబ్, కొన్నిటికి ఖాళీలు కొట్టారు. పాతది ట్యాబ్‌ని ఎనిమిది ఖాళీలుగా లెక్కేసుకుని సర్దుకుపోయేది. కొత్తది ట్యాబ్ ఎర్రర్ అని మొండికేసింది.

అత్త: సర్దుకుపోయే గుణం పాతవాళ్లకే ఉంటుందిలే.

కోడలు: (వినబడనట్టు) అసలు తంటా పెట్టెల లెక్కతో. 250 ప్యాకెట్లు, పెట్టెకి 12. మీ 250/12 అప్పట్లో 20 ఇచ్చేది. ఇప్పుడు 20.833333333333332 పెట్టెలు అంటోంది.

అత్త: ముప్పాతిక పెట్టె బడాబజార్‌లో ఎవడు కొంటాడే?

కోడలు: అందుకే / బదులు // పెట్టాలి, అది శేషం వదిలేసి 20 అనే ఇస్తుంది. టూ-టు-త్రీ దీన్ని ముట్టుకోదు. అక్కడున్నవి పూర్ణాంకాలో కాదో రాత చూసి దానికి తెలీదు కదా. పైగా ఎర్రర్ రాదు, తప్పు లెక్క నోరెత్తకుండా బయటికొస్తుంది. పాత పైథాన్‌నే మైనస్ క్యూ వార్న్ అనే హెచ్చరిక ఆప్షన్ పెట్టి నడిపితే, పూర్ణాంకాల భాగహారం వచ్చిన చోటల్లా అరిచింది. పదిహేడు చోట్ల!

అత్త: పేర్లు సరిగ్గా పడుతున్నాయా?

కోడలు: మీరు పేరుని 20 దగ్గర కోశారు. పాత లెక్కలో అవి 20 బైట్లు. అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, ఒడియాదీ అంతే. అంటే ఆరు గుర్తులు నిండుగా పడి, ఏడోది తెగిపోయేది. బిల్లులో పేరు చివర పడే చెత్త ఆ తెగిన ముక్కే.

అత్త: దానికోసం ప్రింటరు రిబ్బను మూడుసార్లు మార్పించానే!

కోడలు: ఇప్పుడు 'అప్పడం' పొడవు 18 కాదు, 6. పొల్లు, సున్నా కూడా విడిగా లెక్కకొస్తాయి, కాబట్టి ఒత్తు దగ్గర తెగే ప్రమాదం ఇంకా ఉంది. ఫైలు తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని మనమే చెప్పాలి, లేదంటే విండోస్ తన పాత ఎన్‌కోడింగ్‌తో చదివి చతికిలబడుతుంది.

అత్త: (చేట పక్కన పెట్టి, బిల్లు అందుకుని) అరవై రెండున్నరకి 62 వేసిందేటి? 63 కదా?

కోడలు: ఏదీ...

అత్త: అరవై మూడున్నర కొట్టు.

కోడలు: 64.

అత్త: ఒకడికి తగ్గించి ఇంకొకడికి పెంచుతోందా?

కోడలు: పైథాన్ 3లో రౌండ్ పద్ధతి మారింది. సరిగ్గా సగం వస్తే సరిసంఖ్య వైపు పోతుంది. డెసిమల్ అనే మాడ్యూల్ తెచ్చి, సగాన్ని ఎప్పుడూ పైకే తోసే రౌండ్ హాఫ్ అప్ పెడతాను. ఇది నేను చూళ్లేదు.

అత్త: గట్టిగా చెప్పమ్మా, వీధిలో ఉన్న మీ మావగారికి వినబడలేదు.

కోడలు: చూళ్లేదన్నాను!

అత్త: అలా అయితే వారం రోజులు రెండూ నడుపు. ప్రతి బిల్లూ రెండిట్లో కొట్టి, తేడాలు నాకు చూపించు.

కోడలు: వారం అయ్యాక పాతది తీసెయ్యొచ్చా?

అత్త: ఈ ఇంటికి అది నీకంటే ముందొచ్చిందే!